స్నానాలగది క్లీనర్ (గృహ తయారీ)

స్నానాలగది క్లీనర్ (గృహ తయారీ) అనగా నిమ్మ ఉప్పు, వెనిగర్, వంటసోడా, కుంకుడుకాయ వంటి కిరాణా అంగడి సరుకులతో ఇంటివద్దనే సిద్ధం చేసుకొని, స్నానాలగది గోడలు, నేల, కుళాయిలు, బకెట్లు, కమోడ్ మొదలగువానిని శుభ్రపరచుటకు వాడే ద్రావణం లేదా ముద్ద. బజారులో అమ్మే ఆసిడ్, బ్లీచింగ్ పౌడరు, ఫినాయిల్ లకు బదులుగా వీటిని వాడుదురు. వీటిని విషరహిత క్లీనర్లు అని పిలుచుట వాడుకలో ఉన్నది. అయితే తక్కువ హాని గలవి అనుట ఎక్కువ సబబు.

అన్ని మరకలకూ పనిచేసే ఒకే ద్రావణం లేదు. మురికి ఆమ్లానికి కరిగేదా, క్షారానికి కరిగేదా అన్నది ఒక సంగతి కాగా, ఆ మురికి అంటుకొన్న రాయి ఏ జాతిది అన్నది అంతకంటె ముఖ్యమైన సంగతి. తాండూరు, బేతంచెర్ల బండలు పరచిన నేలపై నిమ్మరసం గాని వెనిగర్ గాని పోసినచో మరకతో పాటు రాయి కూడా కరిగిపోవును.

మురికిలో రకాలు

బోరునీరు వాడే ఇండ్లలో కుళాయిలపైనా, బకెట్ల అంచులలోనూ, టైల్స్ పైనా తెల్లని గట్టిపొర కనిపించును. దీనిని వాడుకలో ఉప్పు పట్టడం అందురు. నిజానికి ఇది తినే ఉప్పు కాదు, అధికభాగం కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిలోని పదార్థం కూడా ఇదే. భూగర్భజలంలో కాల్షియం బైకార్బొనేట్ రూపంలో కరిగి ఉన్న కాల్షియం, నీరు వేడెక్కినప్పుడు లేదా ఆరినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వాయువు వెలువడి, కరగని కార్బొనేట్ గా మారి ఉపరితలంపై పేరుకొనును. అందుచేతనే గీజరులోనూ, వేడినీటి కుళాయి వద్దనూ పొర త్వరగా ఏర్పడును. భారతీయ ప్రమాణాల సంస్థ వారి తాగునీటి ప్రమాణం (ఐ.ఎస్. 10500) ప్రకారం నీటి మొత్తం కాఠిన్యత లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకుండా ఉండవలెను. వేరే నీటివనరు లేనప్పుడు 600 మిల్లీగ్రాముల వరకు అనుమతించబడినది. తెలంగాణ, రాయలసీమలలో అనేక గ్రామాలు, పట్టణ శివారు కాలనీలు కఠిన జలాన్నే వాడుచున్నవి.

రెండవది సబ్బు తెట్టు. సబ్బులోని సోడియం స్టియరేట్ కఠిన జలంలోని కాల్షియంతో కలిసి నీటిలో కరగని కాల్షియం స్టియరేట్ గా మారి బూడిదరంగు జిగటపొరగా గోడలకు అంటుకొనును. దీనికి ఒంటి జిడ్డు, నూనె తోడగును. అభ్యంగన స్నానం తరువాత నువ్వులనూనె, సున్నిపిండి కలిసిన జిడ్డు నేలపై జారుడు కలిగించుట తెలిసినదే.

మూడవది నిరంతర తేమ వలన పెరిగే పాచి మరియు నల్లబూజు. వీటిని కడిగినంత మాత్రాన పోవు, గదికి గాలి, వెలుతురు లేనిచో వారంలోనే తిరిగి వచ్చును. నీటిలోని ఇనుము వలన పింగాణీపై ఏర్పడే ఎర్రని తుప్పు మరక నాలుగవది.

ఉప్పుపొర, తుప్పు మరకలు ఆమ్లానికి లొంగును. జిడ్డు క్షారానికీ, నురుగునిచ్చే పదార్థాలకూ లొంగును. సబ్బు తెట్టుకు ముందు ఆమ్లం, కడిగిన తరువాత నురుగు పదార్థం వాడవలసి ఉండును.

బజారు ద్రావణాలు, క్లోరిన్ వాయువు

మరుగుదొడ్లు కడుగుటకు అమ్మే ఆసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ద్రావణం. పేరున్న కంపెనీల సీసాలలో ఇది సుమారు 10 శాతం ఉండగా, పేరు లేని డబ్బాలలో ఎంత గాఢత ఉన్నదీ కొనువానికి తెలియదు. ఆసిడ్ దాడుల కేసులో 2013 జూలై 18న భారత సుప్రీంకోర్టు ఆసిడ్ చిల్లర అమ్మకాలపై ఆంక్షలు విధించినది. 18 ఏండ్ల లోపువారికి అమ్మరాదనీ, కొనువారి గుర్తింపుకార్డు చూసి వివరాలు నమోదు చేయవలెననీ ఆ ఆదేశాలు చెప్పుచున్నవి.

ఒక్కొక్క ద్రావణం విడిగా కలిగించే హాని కంటె, రెండింటిని కలిపినప్పుడు కలిగే హాని ఎక్కువ. బ్లీచింగ్ పౌడరు గాని, సోడియం హైపోక్లోరైట్ గల బ్లీచ్ ద్రావణం గాని ఆమ్లంతో కలిసినచో క్లోరిన్ వాయువు వెలువడును. మొదటి ప్రపంచయుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మనీ సైన్యం ప్రయోగించిన వాయువు ఇదే. ఇది గాలి కంటె సుమారు రెండున్నర రెట్లు బరువైనందున క్రిందనే నిలిచియుండును. చిన్న గది, మూసిన తలుపు, వంగి నేల రుద్దుచున్న మనిషి అనే మూడూ కలిసినప్పుడు అపాయం ఎంతటిదో ఊహించవచ్చును.

ఈ విషయంలో ఇంటి తయారీ ద్రావణాలకు మినహాయింపు లేదు. వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా ఆమ్లాలే. బ్లీచింగ్ పౌడరు చల్లిన నేలపై వెనిగర్ పోసినను క్లోరిన్ వెలువడును. అమ్మోనియా గల ద్రావణాలతో బ్లీచ్ కలిసినచో క్లోరమిన్లు అనే వేరొక విషవాయువులు పుట్టును. మూత్రపు మరకలపై బ్లీచ్ పోసినప్పుడు వచ్చే ఘాటుకు ఇవి కూడా కారణం. కనుక ముందురోజు గదిలో ఏమి వాడినదీ తెలియనప్పుడు, మొదట ధారాళంగా నీరు పోసి కడిగిన తరువాతనే కొత్త ద్రావణం వాడవలెను. ఇంట్లో పనివారు ఒకరు, యజమానులు ఒకరు వేరువేరు సీసాలు వాడుచున్నచోట ఈ జాగ్రత్త మరీ అవసరం.

ముఖ్య పదార్థాలు

నిమ్మ ఉప్పు: సిట్రిక్ ఆమ్లపు తెల్లని స్ఫటికాలు. 1784లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్హెల్మ్ షీలే దీనిని నిమ్మరసం నుండి మొదటిసారి వేరుచేసెను. (1774లో క్లోరిన్ వాయువును మొదటిసారి తయారుచేసినదీ ఈయనే.) నేడు దొరికే నిమ్మ ఉప్పు నిమ్మకాయల నుండి వచ్చునది కాదు. చక్కెర ద్రావణంలో ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజును పెంచి దీనిని తయారుచేయుదురు.

వెనిగర్: ఇందులో 4 నుండి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండును. వాసన ఘాటైనను ఆరిన తరువాత మిగలదు.

చింతపండు: ఇందులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి, రాగి పాత్రల చిలుమును పోగొట్టును. ఇత్తడి కుళాయిలకు, రాగి కాగులకు ఇది తగినది. తెల్లని టైల్స్ పై దాని గోధుమరంగు అంటును కాబట్టి అక్కడ వాడుక లేదు.

వంటసోడా: సోడియం బైకార్బొనేట్. దీని ద్రావణపు పీహెచ్ 8 కి కొంచెం పైన ఉండును, అనగా చాలా బలహీనమైన క్షారం. దీని పొడి మెత్తనిది కావున గీతలు పడకుండ రుద్దుటకు పనికివచ్చును. చాకలి సోడా ఇందుకు భిన్నమైన సోడియం కార్బొనేట్. దాని పీహెచ్ సుమారు 11. జిడ్డును బాగుగా వదిలించును గాని చేతులకు తొడుగులు లేకుండా తాకరాదు. పూర్వం చాకలివారు బట్టలు ఉతుకుటకు వాడిన చౌడు మట్టిలో ఉండే ముఖ్యమైన క్షారం ఇదే.

కుంకుడుకాయ: దక్షిణ భారతంలో పెరిగే కుంకుడు చెట్టు శాస్త్రీయ నామం సాపిండస్ ఎమార్జినేటస్. కాయ గుజ్జులోని సాపొనిన్లు నురుగునిచ్చి జిడ్డును నీటితో కలుపును. సబ్బు వలె ఇవి కఠిన జలంలోని కాల్షియంతో తెట్టు కట్టవు. బోరునీటి ఇండ్లకు కుంకుడురసం బాగుగా నప్పుటకు కారణం ఇదే. ఆమ్లంగా గాని, గాఢమైన క్షారంగా గాని పనిచేయదు కనుక ఏ జాతి రాయినీ తినదు. కంటిలో పడినప్పుడు కలుగు మంట మాత్రం తలంటు పోసుకొన్న ప్రతి తెలుగు పిల్లవానికీ అనుభవమే.

తయారుచేయు విధానం

ఉప్పుపొరకు ద్రావణం: ఒక లీటరు గోరువెచ్చని నీటిలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించవలెను. ఇది దాదాపు నిమ్మరసమంత పులుపు గల ద్రావణం. నిమ్మ ఉప్పు లేనిచో వెనిగర్ ను నీరు కలపకుండా వాడవచ్చును. గ్లేజు గల టైల్స్, పింగాణీ, గాజు, స్టీలు, ప్లాస్టిక్ బకెట్లకు ఇది వర్తించును. నిలువు గోడపై ద్రావణం నిలువదు కావున, పాత గుడ్డను తడిపి మరకపై పరచి 20 నుండి 30 నిమిషాలు ఉంచి, బీరపీచుతో రుద్ది, నీటితో కడుగవలెను. షవర్ రంధ్రాలు మూసుకుపోయినచో ద్రావణం నింపిన ప్లాస్టిక్ కవరును షవరుకు కట్టి అరగంట ఉంచుదురు. క్రోమియం పూత గల కుళాయిలపై రాత్రంతా వదలరాదు, పూత దెబ్బతినును.

ఈ ద్రావణం విఫలమైనదని చెప్పేవారిలో అనేకులు వేచియుండనివారే. పొర మందాన్ని బట్టి ఆమ్లపు పరిమాణం కూడా కావలెను. 10 గ్రాముల కాల్షియం కార్బొనేట్ ను కరిగించుటకు 5 శాతం వెనిగర్ దాదాపు పావు లీటరు పట్టును. నిమ్మ ఉప్పయితే 13, 14 గ్రాములు చాలును. రెండు చుక్కలు చల్లి వెంటనే తుడిచినచో ఏండ్ల తరబడి పేరుకొన్న పొర కరుగదు. మందమైన పొరకు రెండు మూడు రోజులు వరుసగా చేయవలసి ఉండును. హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు నిమిషాలలో చేసే పనికి బలహీన ఆమ్లానికి గంటలు కావలెను. ఇంటి ద్రావణం వాడుటలోని అసలు ఖర్చు ఈ సమయమే.

కుంకుడురసం: 20 ఎండు కుంకుడుకాయలను కొట్టి, నల్లని గింజలు తీసివేసి, లీటరు వేడినీటిలో రాత్రంతా నానబెట్టవలెను. లేదా 15 నిమిషాలు మరిగించవలెను. చేతితో పిసికి గుడ్డలో వడకట్టినచో రసం సిద్ధమగును. దీనితో నేల, గోడలు, బకెట్లు రుద్ది కడుగవచ్చును. రెండు మూడు రోజులలో పులిసి చెడు వాసన వచ్చును కావున ఎప్పటికప్పుడు చేసుకొనుట మేలు. తెల్ల సిమెంటు నింపిన టైల్స్ సందులలో రసం ఆరిపోయినచో లేత గోధుమఛాయ మిగులును, కనుక వెంటనే కడిగివేయవలెను. రసాన్ని చేపల తొట్టెలోనికి గాని, చెరువులోనికి గాని పోనీయరాదు. సాపొనిన్లు చేపలకు విషం. వీటిని నీటిలో కలిపి చేపలను పట్టే పద్ధతి అనేక ప్రాంతాలలో ఉండెడిది.

సోడా ముద్ద: మూడు పాళ్ళు వంటసోడాకు ఒక పాలు నీరు కలిపి ముద్దచేసి, వాష్‌బేసిన్, కమోడ్ బయటి భాగం, ప్లాస్టిక్ మగ్గులు రుద్దుదురు. నీటికి బదులు కుంకుడురసం కలిపినచో జిడ్డు త్వరగా వదలును. నీరు పోవు జాలీ వద్ద జిడ్డు పేరుకొన్నప్పుడు లీటరు వేడినీటిలో రెండు చెంచాల చాకలి సోడా కరిగించి పోయవచ్చును. అల్యూమినియం వస్తువులకు చాకలి సోడా తగలనీయరాదు.

నాపరాతి నేలలు

తెలుగునాట పాత ఇండ్ల స్నానాలగదులలో పరచిన బండలు అధికంగా నాపరాళ్ళు. వికారాబాద్ జిల్లాలోని తాండూరు బండలు, నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల బండలు, కడప నల్లబండలు, కర్ణాటక నుండి వచ్చు షాబాద్ బండలు అన్నియూ సున్నపురాయి జాతివే. వీటి ముఖ్యపదార్థం కాల్షియం కార్బొనేట్, అనగా కుళాయిపై పేరుకొన్న ఉప్పుపొరలో ఉన్నదే. ఆమ్లానికి ఈ రెండింటి మధ్య భేదం తెలియదు. నిమ్మ ఉప్పు ద్రావణం పోసినచో బుడగలు వచ్చి మరక పోయినట్లు కనిపించును గాని, ఆరిన తరువాత బండ మెరుపు పోయి గరుకుదేరును. గరుకుదేరిన బండలో మురికి మునుపటి కంటె త్వరగా చేరును. దానిని వదిలించుటకు మరింత ఘాటైన ఆసిడ్ పోయుదురు. కొన్నేండ్లకు బండ గుంటలుపడి నీరు నిలుచును. బండ నాసిరకమని నిందించబడే సందర్భాలలో కొన్నింటికి ఆసిడే కారణం.

పాలరాయి, మొజాయిక్ గచ్చు, సిమెంటు గచ్చు కూడా ఆమ్లానికి కరుగును. టైల్స్ గట్టివైనను వాటి మధ్య సందులలోని సిమెంటు కరుగును, కనుక టైల్స్ పై ఆమ్లం పోయుటకు ముందు సందులను నీటితో తడిపి ఉంచుట మంచిది. గ్రానైటు సిలికేట్ల రాయి కాబట్టి ఆమ్లానికి చాలావరకు తట్టుకొనును. ఏ జాతి రాయో తెలియనప్పుడు తలుపు మూల వంటి కనబడని చోట ఒక చుక్క నిమ్మరసం వేసి, ఐదు నిమిషాల తరువాత తుడిచి చూడవలెను. బుడగలు వచ్చినను, ఆ చోట మెరుపు తగ్గినను అది ఆమ్లం పోయదగిన రాయి కాదు.

నాపరాతి నేలకు కుంకుడురసం, వెదురుపుల్లల చీపురు లేదా బీరపీచు చాలును. నాపరాయిపై ఇదివరకే కట్టిన ఉప్పుపొరను ఇంటి ద్రావణాలేవీ రాయిని వదలి పొరను మాత్రమే కరిగించలేవు. దానికి రాపిడి, లేదా బండను తిరిగి పాలిష్ పట్టించుట ఒక్కటే మార్గం. స్నానమైన తరువాత నేలపై నీటిని తోసివేసి ఆరనిచ్చినచో పొర కట్టుట చాలా తగ్గును.

వెనిగర్, సోడాల మిశ్రమం

వంటసోడాపై వెనిగర్ పోసినప్పుడు పుట్టే పొంగును చూసి అది గొప్ప శుభ్రకారిణి అని అనేకులు భావించుదురు. పొంగు కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. ఆమ్లం, క్షారం ఒకదానినొకటి తటస్థపరచుకొని చివరకు సోడియం ఎసిటేట్ కలిసిన నీరు మిగులును. అది ఉప్పుపొరనూ కరిగించదు, జిడ్డునూ వదిలించదు. 100 మిల్లీలీటర్ల 5 శాతం వెనిగర్ ను పనికిరాకుండ చేయుటకు 7 గ్రాముల వంటసోడా చాలును. ఈ రెండింటిని కలిపి సీసాలో బిగించి దాచినచో వాయుపీడనానికి సీసా పగులవచ్చును. రెండూ వాడదలచినచో ముందు ఒకటి వాడి, కడిగి, తరువాత రెండవది వాడవలెను.

బయో ఎంజైమ్

బెల్లం 1 పాలు, నిమ్మజాతి పండ్ల తొక్కలు 3 పాళ్ళు, నీరు 10 పాళ్ళు కలిపి మూడు నెలలు పులియబెట్టిన ద్రావణాన్ని బయో ఎంజైమ్ పేరుతో నేల తుడుచుటకు వాడుచున్నారు. థాయిలాండులో మొదలైన ఈ పద్ధతి భారతీయ నగరాలలోని ఇంటితోటల వారిలో వ్యాపించినది. పేరెట్లున్నను, శుభ్రపరచుటలో ముఖ్యంగా పనిచేయునది పులియుటలో పుట్టిన ఎసిటిక్ మొదలగు ఆమ్లాలే. కావున నాపరాతి నేలపై దీనికీ అదే నిషేధం వర్తించును. మొదటి నెలలో వాయువు అధికంగా వెలువడును. ప్లాస్టిక్ డబ్బాలోనే పులియబెట్టి, ప్రతిదినం మూత వదులుచేయవలెను. గాజుసీసా వాడరాదు.

విషరహితం అను మాట

ఇంగ్లీషు పుస్తకాల నుండి వచ్చిన అనేక పద్ధతులలో వెలిగారం కలుపుమని ఉండును. వెలిగారం సహజ ఖనిజమే అయినను, సంతానోత్పత్తికి హాని చేయునదిగా గుర్తించి 2010లో ఐరోపా సమాఖ్య దానిని అత్యంత ఆందోళనకర పదార్థాల జాబితాలో చేర్చినది. సువాసన కొరకు కలిపే కర్పూరం, నీలగిరి తైలం పిల్లలు మింగినచో మూర్ఛ రావచ్చును. సహజమైనది గనుక హాని లేదనుకొనుట పొరపాటు. శుభ్రపరచుటకు సువాసనతో పని లేదు.

క్రిమిసంహారక శక్తి కూడా వీటికి పరిమితం. వెనిగర్ కొన్ని సూక్ష్మజీవులను తగ్గించును గాని నమ్మదగిన క్రిమిసంహారిణి కాదు. కుంకుడురసం క్రిములను కడిగివేయును, చంపదు. సాధారణ దినాలలో ఇది చాలును. ఇంటిలో ఎవరికైనా కలరా, అతిసారం వంటివి సోకినప్పుడు మాత్రం హైపోక్లోరైట్ వాడుటయే సరియైనది. కోవిడ్-19 సమయంలో 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉపరితలాలకు 0.1 శాతం హైపోక్లోరైట్ ద్రావణాన్ని సూచించినది. మురికిని ముందుగా సబ్బునీటితో కడిగి, ఆ తరువాత ఈ ద్రావణం పూయవలెను. ఆ దినం వెనిగర్, నిమ్మ ఉప్పు ఆ గదిలోనికి తీసుకుపోరాదు. నల్లబూజుకు మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేయును. దానిని కూడా వెనిగర్ తో కలుపరాదు, కలిపినచో ఘాటైన పెరాసిటిక్ ఆమ్లం ఏర్పడును.

ప్రమాదం జరిగినప్పుడు

గదిలో ఘాటైన వాసన వచ్చి దగ్గు, కన్నీరు మొదలైన వెంటనే తలుపు తెరచి బయటకు రావలెను. కలిసిపోయిన ద్రావణాలను కడిగివేయుటకు తిరిగి లోపలికి పోరాదు. ఊపిరి ఆడుట కష్టమైనచో 108 అంబులెన్సును పిలువవలెను. ఊపిరితిత్తులలో వాపు కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చును, కనుక కాస్త తేలికపడినంత మాత్రాన వైద్యుని వద్దకు పోవుట మానరాదు. కంటిలో పడినచో కనీసం 15 నిమిషాలు పారునీటితో కడుగవలెను. ఆసిడ్ గాని, చాకలి సోడా నీరు గాని మింగినవారిచే వాంతి చేయించరాదు. విరుగుడుగా సోడానీరు, నిమ్మరసం త్రాగించుట కూడా హానికరం. మింగిన ద్రావణపు సీసాను వెంట తీసుకొని ఆసుపత్రికి పోవలెను.

ఇంటి ద్రావణాలను కూల్‌డ్రింకు సీసాలలో గాని, మంచినీళ్ళ సీసాలలో గాని పోసి ఉంచరాదు. నిమ్మ ఉప్పు ద్రావణం చూచుటకు మంచినీటి వలెనే ఉండును. సీసాపై తెలుగులో పేరు, తయారుచేసిన తేదీ వ్రాసి, బ్లీచింగ్ పౌడరు ఉన్న అరలో కాక వేరొకచోట, పిల్లలకు అందనంత ఎత్తున పెట్టవలెను. ఇంటిలో పనిచేయువారికి చదువు రానిచో ఆమ్లపు సీసాకు ఒక రంగు గుడ్డ, సోడా డబ్బాకు వేరొక రంగు గుడ్డ కట్టి, రెండింటినీ ఒకేసారి వాడరాదని చెప్పవలెను.